ఇంటి సినిమా గదిలో మంద్రధ్వని

సినిమా చూచుటకు ఇంటిలోనే ఒక గదిని ప్రత్యేకించుకొనవలెనను కోరిక నేడు మన పట్టణములలో పెక్కు కుటుంబములకు కలుగుచున్నది. గోడ నిండిన తెర, తెరకు ఇరువైపులను నడుమను స్పీకర్లు, కూర్చుండువారి వెనుక మరి రెండు, వీనికి తోడు ఏదో యొక మూల నేలమీద ఒక నల్లని పెట్టె. ఆ పెట్టె పేరు సబ్‌వూఫరు. తక్కిన స్పీకర్లను అంగడిలో చెవితో విని ఎన్నుకొనవచ్చును. ఈ పెట్టె విషయమున ఆ మార్గము చాలదు. అంగడిలో గంభీరముగా పలికిన పెట్టెయే ఇంటికి వచ్చిన పిమ్మట గొంతు పూడినట్లో, ఖాళీ గంగాళమును గుద్దినట్లో పలుకుట మేము పలుచోట్ల వింటిమి. దోషము పెట్టెదే యనుకొని కొందరు దానిని తిరిగి యిచ్చివేసి, మరింత వెలగల దానిని తెత్తురు. అదియు అట్లే పలుకును. ధనము వృథయగుట యొక యెత్తు. క్రింది అంతస్తువారితో మాటలు పెరిగి, పండుగనాడు సైతము పలుకరింపులు లేని స్థితికి వచ్చిన ఇండ్లును కలవు. కావున ఈ పెట్టెను కొనుటకు ముందు ఆలోచింపదగిన కొన్ని సంగతులను శ్రోతల ముందుంచుచున్నాము.

మనుష్యుని చెవికి వినవచ్చు ధ్వనులు సెకనుకు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వరకు ఉండును. ఈ కంపనముల లెక్కనే హెర్ట్‌జులని వ్యవహరింతురు. వీనిలో అట్టడుగున 20 మొదలు 80 వరకును, కొన్ని యెడల 120 వరకును గల ధ్వనులు సబ్‌వూఫరు పాలు. పురుషుని కంఠము మాటలాడునపుడు సామాన్యముగా 85కు దిగువకు పోదు. కనుక సినిమాలో నాయకుని మాటలు మూలనున్న పెట్టెలోనుండి వచ్చుచున్నట్లు తోచినచో అమరికలో లోపమున్నదని వెంటనే గ్రహింపవచ్చును. పిడుగుపాటు, రైలింజను అదురు, వంతెన కూలునపుడు పుట్టు దడదడ, పెద్ద డోలు దెబ్బలోని బరువు, ఇవి ఆ పెట్టె పనులు.

రేడియో వినువారికి ఇచట ఒక సందేహము కలుగవచ్చును. అరచేయి యంత స్పీకరుగల రేడియోలో ఇన్నేండ్లుగా మృదంగమును, నాదస్వరముతో కూడిన డోలును వినుచునే యున్నాము గదా, ఆ చిన్న స్పీకరునకు లేని దిగువ స్వరము మనకెట్లు వినవచ్చినది? దీనికి కారణము మన చెవియే. ఒక మంద్రస్వరము పుట్టినపుడు దానితోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనములుగల అనుస్వరములును పుట్టును. చిన్న స్పీకరు ఆ అనుస్వరములను మాత్రమే పలుకును. వానిని విని చెవియు మెదడును కలిసి, లేని మూలస్వరమును తామే ఊహించుకొనును. అయితే ఈ ఊహ స్థాయిని మాత్రమే అందీయగలదు. దేవాలయ ప్రాంగణమున డోలు దగ్గర నిలిచినపుడు రొమ్మునకు తగులు ఆ ఒత్తిడిని అది అందీయజాలదు. ఆ ఒత్తిడి కావలెనన్నచో గాలిని నిజముగా కదల్పవలెను. సబ్‌వూఫరునకు ధర చెల్లించుచున్నది ఇందులకే.

సినిమావారు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గ్రహించిరి. 1974లో అమెరికాలో యూనివర్సల్ సంస్థ 'ఎర్త్‌క్వేక్' అను చిత్రమును విడుదల చేసినపుడు, భూకంపపు అదురును ప్రేక్షకులకు కలిగించుటకై థియేటర్లలో పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలను ప్రత్యేకముగా నిలిపిరి. ఆ పద్ధతికి సెన్‌సరౌండ్ అని పేరు. 1992 నుండి డాల్బీ వారి డిజిటల్ పద్ధతి వచ్చి మంద్రధ్వనులకు వేరుగా ఒక దారి ఏర్పడినది. మరుసటి యేడు 'జురాసిక్ పార్క్' చిత్రముతో డి.టి.ఎస్. పద్ధతి వచ్చినది. '5.1' అని పెట్టెలమీద ముద్రించు అంకెలో చివరనున్న ఒకటి ఈ దారియే. తక్కిన అయిదు దారులవలె అది సంపూర్ణము కాదు, దిగువ ధ్వనులకు మాత్రమే పరిమితము. అందుచేతనే దానిని చుక్కకు ఆవల వ్రాసిరి.

ఇక పెట్టె యెంత పెద్దది కావలెను? చిన్న పెట్టె పెద్ద ధ్వని చేయునని ప్రకటనలలో చదువుదుము. మంద్రధ్వని విషయమున ప్రకృతి ఇట్టి రాయితీల నీయదు. ఒకే బిగ్గరతనముతో 80 కంపనముల ధ్వనికి మారుగా 40 కంపనముల ధ్వనిని పలుకవలెనన్నచో స్పీకరులోని శంకువు నాలుగు రెట్లు దూరము ముందువెనుకలకు కదలవలెను. 20కి దిగినచో పదునారు రెట్లు. శంకువు కదలగల దూరమునకు హద్దు కలదు గనుక, మిగిలిన యుపాయము దాని వైశాల్యమును పెంచుటయే. ఇచట అంగుళముల లెక్క మోసపుచ్చును. 10 అంగుళముల స్పీకరునకును 15 అంగుళముల దానికిని గల భేదము సగమే యని తోచును. వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, 15 అంగుళములది 10 అంగుళముల దానికి రెండింతలకు పైగా గాలిని త్రోయును. 10 అంగుళములవి రెండు కలిసిన 12 అంగుళముల దానికంటె ఎక్కువ పని చేయును. ఈ కడపటి మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను, దీనితో ముందు పనియున్నది.

వాట్ల లెక్కను చూచి కొనుట మరియొక పొరపాటు. శక్తిని రెండింతలు చేసినచో ధ్వని పెరుగునది మూడు డెసిబెలులు మాత్రమే, అనగా చెవికి స్పష్టముగా తెలియుటయే తప్ప గొప్ప భేదము కాదు. వినికిడికి రెండింతలు బిగ్గరగా తోచవలెనన్నచో శక్తి సుమారు పది రెట్లు కావలెను. ఇక పి.ఎం.పి.ఓ. అను అక్షరములతో వేలకొలది వాట్లు వ్రాసియున్న పెట్టెలను గూర్చి మేము చెప్పదగినది ఒక్కటే: ఆ అంకెకు ఏ ప్రమాణమును లేదు, చూడకుండుట మేలు. 'ఇరువది కంపనముల వరకు పలుకును' అని వ్రాసియుండి, ఆ యిరువది వద్ద ధ్వని ఎన్ని డెసిబెలులు తగ్గినదో వ్రాయనిచో ఆ మాటయు అట్టిదే. ఏ స్పీకరైనను 20 వద్ద ఏదో కొంత పలుకును. అది చెవికి అందునా యన్నదే ప్రశ్న. 20 కంపనముల ధ్వని సుమారు 78 డెసిబెలులకు చేరువరకు మన చెవికి వినబడనే వినబడదు.

పెట్టెలలో రెండు జాతులు కలవు. మొదటిది అన్నివైపుల మూసినది. లోపల బంధింపబడిన గాలి శంకువునకు మెత్తని స్ప్రింగువలె ఆనికయిచ్చును. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చుర్ అను నాయన ఈ సూత్రముతో చిన్న పెట్టెనుండి లోతైన ధ్వనిని రాబట్టి చూపెను. రెండవది గొట్టము వంటి రంధ్రముగలది. సీసా మూతివద్ద ఊదినపుడు ఒక స్వరము పలుకును గదా, అట్లే ఆ గొట్టములోని గాలి ఒక నిర్ణీత స్థాయివద్ద తానును పలికి శంకువునకు సాయపడును. దీని లెక్కలను 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ ఏర్పరచెను, పిమ్మట రిచర్డ్ స్మాల్ విస్తరించెను. ఈనాటికిని స్పీకరు చేయువారు ఆ యిద్దరి పేర్లతోనే ఆ లెక్కలను వ్యవహరింతురు.

రెండింటిలో ఏది మేలు? రంధ్రముగల పెట్టె తన నిర్ణీత స్థాయి వరకు ధారాళముగా పలికి, అంతకు దిగువను ఒక్కుమ్మడిగా పడిపోవును. స్థాయి సగమైనచో 24 డెసిబెలులు తగ్గును. మూసినది ముందుగానే తగ్గనారంభించును గాని, మెల్లమెల్లగా, స్థాయి సగమునకు 12 డెసిబెలుల వంతున దిగును. ఈ మెల్లని దిగుదల చిన్న గదులలో ఒక వరమగును. తలుపులు మూసిన చిన్నగదిలో అతి మంద్రధ్వనులను గదియే కొంత పెంచును. పెట్టె తగ్గించినదానిని గది కొంతవరకు పూడ్చును. కనుక నాలుగు గోడలును తలుపును గల చిన్నగదికి మూసిన పెట్టెను, భోజనశాలతోను వంటింటితోను కలిసిపోయిన పెద్ద హాలునకు రంధ్రముగల పెద్ద పెట్టెను మేము మెచ్చుకొందుము. హాలు కొలతలో కలిసియున్న స్థలమంతయు లెక్కకు వచ్చునని మరువరాదు. సోఫాల చుట్టు కొలిచి, వంటింటిని విడిచిపెట్టిన లెక్క పనికిరాదు. ధ్వనికి ఆ మర్యాద తెలియదు.

ఇంతవరకు చెప్పినది పెట్టెను గూర్చి. అసలు సంగతి గది. మంద్రధ్వని మంచి చెడ్డలలో పెద్దపాలు గదిదే యన్నచో అతిశయోక్తి కాదు.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 344 మీటర్లు పోవును. కావున 20 కంపనముల ధ్వని తరంగము పొడవు 17 మీటర్లు, 80 కంపనములది 4 మీటర్ల పైచిల్లర. మన గదులు ఇంచుమించు ఈ కొలతలలోనివే, లేదా అంతకు చిన్నవి. కనుక మంద్రధ్వని గదిలో ప్రయాణము చేయదు, తొట్టిలోని నీరువలె ఊగును. నీళ్ల తొట్టిని మెల్లగా ఒక లయలో కదల్చినచో రెండు కొనలయందును నీరు ఎగసి దిగుచుండును, నడుమ మట్టము మారదు. గది కూడ అట్టిదే. పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10 అడుగులుగల గదిని తీసికొందము. పొడవునుబట్టి 35 కంపనములవద్ద, వెడల్పునుబట్టి 47 వద్ద, ఎత్తునుబట్టి 56 వద్ద ఈ ఊపు ఏర్పడును. వీని రెండింతలవద్దను మూడింతలవద్దను మరల ఏర్పడును. 35 కంపనముల స్వరము వచ్చినపుడు వెనుకగోడకు ఆనుకొని కూర్చున్నవారికి చెవులు గింగురుమనును, సరిగా నడుమ కూర్చున్నవారికి ఆ స్వరమే వినరాదు. ఇద్దరును ఒకే పెట్టెను వినుచున్నారు. ఒకరు 'ఎక్కువైనది' అందురు, ఒకరు 'చాలలేదు' అందురు. ఇద్దరి మాటయు నిజమే.

గది కొలతలు ఒకదానికొకటి సమానములుగాని, సరిగా రెట్టింపులుగాని అయినచో ఈ ఊపులన్నియు ఒకచోట కూడును. పొడవు 20, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులుగల గదిలో మూడు కొలతలును 56 కంపనములవద్దనే కలిసికొనును. అట్టి గదిలో ఆ యొక్క స్వరము తక్కిన వానినన్నిటిని మ్రింగివేయును. ఇల్లు కట్టుకొనువారు వాస్తు చూపించుకొనునపుడే ఈ సంగతిని గూడ మేస్త్రీకి చెప్పుకొనుట మంచిది. కట్టిన యింటిలో ఉన్నవారు, ఇంటిలోని గదులలో దేని కొలతలు అనుకూలమో చూచుకొని దానిని ఏర్పరచుకొనవచ్చును.

మన యిండ్లకు ప్రత్యేకమైనదొకటి కలదు. అమెరికావారి యిండ్లు చాలభాగము కొయ్యచట్రములమీద పలుచని జిప్సం పలకలు దిగగొట్టి కట్టినవి. మంద్రధ్వని తగిలినపుడు ఆ గోడలు కొంచెము వంగి ఆ శక్తిని కొంత త్రాగివేయును. మనవి తొమ్మిదంగుళముల ఇటుకగోడలు, కాంక్రీటు శ్లాబులు, గచ్చు నేలలు. ఇవి వంగవు, త్రాగవు, తగిలినదానిని తగిలినట్లే త్రిప్పికొట్టును. అందుచేత ఒకే పెట్టె అచటికంటె ఇచట ఎక్కువ పలుకును, ఎక్కువ గుమగుమలాడును. ఆ దేశపువారు వ్రాసిన సలహాలను చదివి, వారు చెప్పినంత పెద్ద పెట్టెలను మన గదులలో నిలుపువారు ఈ భేదమును గమనింపవలెను.

గుమగుమను పోగొట్టుటకు తెరలు, తివాచీలు వేయుదురు. కొందరు గోడలకు కోడిగ్రుడ్ల అట్టలను అంటింతురు. తెరలును తివాచీలును పైస్థాయి ధ్వనులను మాత్రమే త్రాగును. మంద్రధ్వనికి అవి ఉన్నను లేకున్నను ఒక్కటే. కోడిగ్రుడ్ల అట్టలవలన ప్రయోజనము అట్టలమ్మినవానికే. 40 కంపనముల తరంగములో నాలుగవవంతు సుమారు ఏడడుగులు. దానిని సంపూర్ణముగా అడ్డుకొనవలెనన్నచో గదిలో మనకు చోటుండదు. మూలలయందు నేలనుండి కప్పువరకు అరయడుగుకు మించిన దళసరి ఖనిజపు ఉన్నిని నింపి బట్ట తొడిగినచో కొంత మేలు కలుగును. అంతకంటె చవకయైన ఉపాయము పెట్టెను సరియైన చోట నుంచుట. దీనికి ఖర్చే లేదు, కొంచెము మోకాళ్ల నొప్పి తప్ప.

ఆ ఉపాయమిది. పెట్టెను మీరు కూర్చుండు సోఫామీదనే పెట్టుడు. బాగుగా తెలిసిన పాటను, మంద్రస్వరములు వరుసగా వచ్చుదానిని, మరల మరల మ్రోయింపుడు. మీరు మాత్రము పెట్టె నుంచుటకు వీలగు చోట్లలో, గోడల వెంబడి, చెవి నేలకు దగ్గరగా నుండునట్లు మోకాళ్లమీద తిరుగుడు. ఒకచోట గుమగుమ ఎక్కువగా నుండును, ఒకచోట స్వరము మాయమగును, ఒకచోట స్వరములన్నియు సమముగా విడివిడిగా వినవచ్చును. ఆ కడపటి చోటే పెట్టెకు తగిన స్థలము. పెట్టెను అచట నుంచి మీరు సోఫామీదికి పోయినచో అదే విధముగా వినవచ్చును. వినువాడును పలుకునదియు స్థలములు మార్చుకొన్నను ఫలితము మారదను ప్రకృతి నియమముమీద ఈ పరీక్ష ఆధారపడియున్నది. ఇంటికి పెద్దవారైనవారు నేలమీద ప్రాకుట చూచి పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. పిల్లల చేతనే ఈ పరీక్ష చేయించినచో మరియు సులభము.

మూలలో ఉంచినచో ధ్వని ఎక్కువగా వచ్చును, నిజమే. కాని మూలలోని పెట్టె గదిలోని ప్రతి ఊపును లేపును. అంగడివారు మూలను చూపుటకు కారణము అది చోటు ఆక్రమింపదనియు, ధ్వని పెద్దదిగా తోచుననియు. సమత్వము వేరు సంగతి. కూర్చుండు స్థలమును గూర్చియు ఒక మాట. వెనుకగోడకు ఆనుకొని వలదు, సరిగా నడుమ వలదు. మేము చెప్పిన 16 అడుగుల గదిలో తెరగోడనుండి 10 అడుగుల దూరమున తలలు ఉండునట్లు సోఫాను వేసినచో మేలు.

ఒక పెట్టెయా, రెండా యనునది మరియొక ప్రశ్న. ఇందాక గుర్తుంచుకొనుమన్న మాట ఇచట పనికివచ్చును. ఒకే ధనముతో పెద్దది ఒకటి కొనుటకంటె మధ్యరకమువి రెండు కొనుట మాకు మంచిదిగా తోచుచున్నది. కారణము బిగ్గరతనము మాత్రమే కాదు. రెండింటిని ఎదురెదురు గోడల నడిమధ్యన, అనగా తెరక్రింద ఒకటియు వెనుకగోడ నడుమ ఒకటియు ఉంచినచో, గది పొడవునుబట్టి వచ్చు మొదటి ఊపును ఒకటి ఒకవైపునకు త్రోయగా రెండవది ఎదురువైపునకు త్రోసి అణచివేయును. రెండును వెడల్పులో నడుమనే యుండుటచేత వెడల్పునుబట్టి వచ్చు మొదటి ఊపు లేవనే లేవదు. మన యుదాహరణపు గదిలో 35, 47 అను రెండు పోకిరి స్వరములును ఇట్లు లొంగును. హార్మన్ సంస్థలో పరిశోధకుడైన టాడ్ వెల్టీ 2002లో పెట్టెల సంఖ్యను, స్థానములను గూర్చి ప్రకటించిన వ్యాసమున నాలుగు గోడల నడుమ నాలుగు పెట్టెలుంచుట చాల మంచిదనియు, ఎదురెదురుగా రెండుంచుట దానికి ఇంచుమించు సరిపోవుననియు, నాలుగింటికి మించి ఉంచుటవలన చెప్పుకోదగిన లాభము లేదనియు తేల్చెను. దీని ఫలము ముఖ్యముగా కుటుంబమునకు. ఒకే పెట్టెతో ఒక్క ఆసనమునకు మంచి ధ్వని రాబట్టవచ్చును. తల్లిదండ్రులు, పిల్లలు, వచ్చిన చుట్టములు అందరును ఒకే విధముగా వినవలెనన్నచో రెండు కావలెను. ఇంటి పెద్ద కూర్చుండు కుర్చీకి మాత్రమే సంగీతముండి తక్కినవారికి గుమగుమ దక్కుట మాకు న్యాయముగా తోచదు.

పెట్టె వచ్చిన పిమ్మట అమర్చుకొనుట కొంత యున్నది. రిసీవరులో తక్కిన స్పీకర్లను 'చిన్నవి' యని నిర్ణయించి, క్రాస్‌ఓవరును 80 కంపనములవద్ద ఉంచుడు. 80కి దిగువ ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చెవి సులభముగా కనిపెట్టలేదు. అందుచేతనే పెట్టె వెనుకనున్నను ధ్వని తెరనుండియే వచ్చినట్లు తోచును. పెట్టె వెనుక అటునిటు మార్చు ఒక మీట యుండును. 80 కంపనముల స్వరమును మ్రోయించి, మీట నొకమారు అటును ఒకమారు ఇటును త్రిప్పి, సోఫా వద్ద ఎటు బిగ్గరగా నుండునో అటు ఉంచవలెను. ఈ దినములలో రిసీవర్లు ఒక మైకును గూడ ఇచ్చి, గదిని తామే కొలిచి సవరించుకొందుమని చెప్పుచున్నవి. ఈ సవరణ ఎత్తుగా నున్నవానిని నరుకుటలో సమర్థమైనది. స్వరము మాయమైన చోటును నింపుటలో అసమర్థమైనది. అచట శక్తిని పోయుట చిల్లికుండలో నీరు పోసినట్లే, యాంప్లిఫయరు వేడెక్కుటయే మిగులును. స్థలములు సరిచూచుకొనిన పిమ్మటనే ఈ సవరణను చేయించుడు.

పరీక్షించుటకు ప్రేలుళ్లుగల సినిమాను పెట్టవలదు. రాక్షసబల్లి అడుగు వేసినపుడు అసలు ధ్వని ఎట్లుండునో మనలో విన్నవారు లేరు గనుక, ఏ పెట్టె పలికినను బాగుగనే యుండును. మృదంగముతో కూడిన కచేరీని పెట్టుడు. పెండ్లిండ్లలోను సభలలోను మన చెవి మృదంగమును వినియున్నది. ఎడమచేతి తొప్పిమీది దెబ్బ పడి, వెంటనే ఆగవలెను. దెబ్బ తరువాత ధ్వని ఈడ్చుకొనిపోవుచున్నచో, దెబ్బలన్నియు ఒకే స్వరముతో పలుకుచున్నచో, పెట్టెగాని స్థలముగాని సరిగా లేదు. రేడియోలో సాయంకాలపు కచేరీ వచ్చునపుడు పెట్టెను ఒకమారు ఆపి ఒకమారు వేసి చూడుడు. వేసినపుడు 'పెట్టె పలుకుచున్నది' అని తోచక, విద్వాంసుడు కొంచెము దగ్గరకు జరిగినట్లు తోచినచో అమరిక కుదిరినది.

ఇక ఇరుగుపొరుగు సంగతి. గోడలు, తలుపులు పైస్థాయి ధ్వనులను బాగుగా అడ్డగించును. మంద్రధ్వనికి అవి అడ్డు గావు. సినిమాలోని మాటలు, పాటలు ఏవియు క్రింది యింటికి చేరవు. చేరునది ఆగి ఆగి వచ్చు అదురు మాత్రమే. కథ తెలియక, పాట వినరాక, ఆ దెబ్బలను మాత్రము రాత్రి పదకొండు గంటలకు మంచముమీద పడుకొని వినుట ఎట్లుండునో ఆలోచింపుడు. చెవి స్వభావము దీనిని మరింత కఠినము చేయుచున్నది. మంద్రధ్వని వినబడు హద్దును ఒకమారు దాటెనా, కొద్ది డెసిబెలులు పెరిగినను చాల పెరిగినట్లు తోచును. మనము మీటను వెండ్రుకవాసి త్రిప్పితిమనుకొందుము. క్రిందివారికి అది నిశ్శబ్దమునుండి అదురునకు వచ్చిన మార్పు.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెలులు హద్దుగా నిర్ణయించినవి. రాత్రి యనగా పది గంటలు మొదలు ఉదయము ఆరు వరకు. అయితే ఈ కొలతలో చెవి స్వభావమును అనుసరించి మంద్రధ్వనులను బాగుగా తగ్గించి లెక్కింతురు. 31 కంపనముల ప్రాంతమున సుమారు 39 డెసిబెలులు తీసివేయుదురు. కనుక కొలతయంత్రము 'హద్దులోనే యున్నది' అని చూపుచుండగనే క్రిందియింటి ముసలివారికి నిద్ర పట్టకపోవచ్చును. అంకెను చూపి వాదించి గెలిచినవారిని మేమెరుగుదుము. ఆ మేడమీద వారికి మంచి పొరుగు లేదు. పెట్టెక్రింద దళసరి రబ్బరు మెత్తలు వేసినచో నేలకు నేరుగా తగులు అదురు కొంత తగ్గును. గాలిద్వారా గోడలను చేరునది తగ్గదు. చాల రిసీవర్లలో 'రాత్రి' అని యొక మీట యున్నది. అది హెచ్చుతగ్గులను కుదించును, వాడుకొనవచ్చును. వీనికన్నింటికంటె పనికివచ్చునది, పెట్టెను అమర్చిననాడే క్రిందివారిని పిలిచి మన గదిలో కూర్చుండబెట్టి, మనము వారి యింటికి పోయి విని, ఎంతవరకు త్రిప్పవచ్చునో ఇరువురును కలిసి మీటమీద ఒక గీత గీసికొనుట. ఎన్నడైన ఆ గీత దాటవలసివచ్చినచో ముందుగా చెప్పి, వీలైనచో వారిని గూడ సినిమాకు పిలుచుట.

విద్యుత్తును గూర్చి రెండు మాటలు. సినిమా లేనపుడును పెట్టె సన్నగా గుయ్యిమనుచున్నచో అది మన కరెంటులోని 50 కంపనముల ధ్వని. సాధారణముగా పెట్టెయు, టీవీయు, రిసీవరును వేర్వేరు ప్లగ్గులనుండి భూమికి కలియుటవలన పుట్టును. అన్నింటిని ఒకే గోడప్లగ్గునుండి తీసికొనినచో చాలమారులు పోవును. కేబులు టీవీ తీగవలనను రావచ్చును, దానిని ఒకమారు ఊడదీసి చూడుడు. గుయ్యిమనుట ఆగుటకై మూడు ముల్లుల ప్లగ్గులోని ఎర్తు ముల్లును విరిచివేయువారున్నారు. అది ప్రాణాపాయము, ఎన్నడును చేయరాదు.

కొనునపుడు శంకువు చుట్టునున్న అంచు రబ్బరుదా, స్పంజుదా యని వ్రేలితో తాకి చూడుడు. కోస్తాలోని ఉక్కకును తేమకును స్పంజు అంచులు కొన్నేండ్లలో పొడియై రాలిపోవును, రబ్బరు నిలుచును. పెట్టె చెక్కపొడి అట్టతో చేసినది గనుక నీళ్లగుడ్డతో తుడిచిన నేలమీద తడియారకముందే దింపరాదు. క్రింద చిన్న కాళ్లు లేనిచో కొనితెచ్చి బిగించుకొనవలెను. గొట్టముగల పెట్టెయైనచో ఆ గొట్టమునకు గోడనుండి జానెడు ఎడముంచి, ఎలుకలు చొరకుండ వానకాలమునకు ముందు సన్నని వలగుడ్డ కట్టుకొనుట మంచిది. సినిమా వేయునపుడు దానిని తీసివేయుడు.